సప్తగిరిలో ఒక రోజు: కార్యక్రమాల వరుస ఎలా కుదురుతుంది?

అడిగిన సోదరి మాటల్లోనే ప్రశ్నను ముందు చెబుతాను. వారి నాన్నగారికి డెబ్భై ఎనిమిదేళ్లు. పొద్దుటి కాఫీ నుంచి రాత్రి భోజనం దాకా దూరదర్శన్ వారి తెలుగు చానల్ సప్తగిరిని మార్చనివ్వరట. పొద్దున భక్తిగీతాలు, తరువాత పిల్లల పాఠం, మధ్యాహ్నం పాత నాటకం, సాయంత్రం వరిలో సుడిదోమ, ఆ వెంటనే వార్తలు, రాత్రికి వీణ కచేరీ. "ఈ కలగూరగంపను ఎవరు, ఏ లెక్కన కూరుస్తారు?" అన్నది మొదటి ప్రశ్న. 1980లలో ఎప్పుడో నాన్నగారు చూసిన ఒక హరికథను మళ్లీ చూపించాలంటే ఎవరిని, ఎలా అడగాలి అన్నది రెండవది. నేను ఒక ప్రాంతీయ కేంద్రంలో ముప్పై ఏళ్లకు పైగా, మొదట ప్రసార విభాగంలోను, ఆ తరువాత కార్యక్రమాల నిర్మాణంలోను పనిచేసి విరమించాను. కాబట్టి రెండింటికీ నాకు తెలిసినంత మేరకు వివరంగానే రాస్తాను.

వినోదం అమ్ముకునే చానల్ తన దగ్గర ఉన్న సరుకులో దేనికి ఎక్కువ మంది చూపరులు వస్తారో లెక్క చూసుకుని, దాన్ని మంచి సమయంలో పెట్టి, మిగిలినవాటిని దాని చుట్టూ సర్దుతుంది. ప్రజా ప్రసార సంస్థలో ఆలోచన మరొక కొసనుంచి మొదలవుతుంది. ఈ గంటలో పెట్టె ముందు ఎవరు కూర్చుంటారు, వారికి మనం ఏమి బాకీ ఉన్నాం అన్నది మొదటి ప్రశ్న. ఏ కార్యక్రమం అన్నది ఆ తరువాతి సంగతి. మీ నాన్నగారిలాగా రోజంతా ఒకే చానల్ చూసేవారు ఉంటారన్న ఊహ ఆ పట్టికను గీసినవారికి నిజానికి లేదు. ఒక్కొక్క అరగంట ఒక్కొక్క మనిషిని ఉద్దేశించింది. అన్నిటినీ ఒక్కరే చూసినప్పుడు అది కలగూరగంపలా కనబడటంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఈ పద్ధతికి మూలం హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం పుట్టడానికి ముందే పడింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకుని, ఇస్రో, దూరదర్శన్ కలిసి ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టీవీ ప్రసారాలు అందించాయి. 'సైట్' అన్న పేరుతో ప్రసిద్ధమైన ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ ఒక రాష్ట్రం, తెలుగు ఒక భాష. ఊరికి ఒక పెట్టె, దానికి కోళ్ల గూడుకు అల్లే ఇనుప వల లాంటి దానితో చేసిన గొడుగు యాంటెనా, ముందు నేల మీద కూర్చున్న ఊరు. రోజుకు నాలుగు గంటల ప్రసారంలో ఉదయం గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పొలం నుంచి తిరిగివచ్చిన పెద్దలకు. పొద్దున పాఠం, సాయంత్రం సేద్యం అన్న ఆ రెండు గుంజలు అప్పుడు పాతినవే. మధ్యలో ఎన్నో వచ్చి చేరాయి, ఎన్నో పోయాయి కాని, మీ నాన్నగారు ఈనాటికీ చూస్తున్న రోజు ఆ రెంటి మధ్యన కట్టిన పందిరే.

హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబర్ 23న మొదలైంది. అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి గారు ప్రారంభించారు. నెల తిరగకముందే, నవంబర్ 19న, దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. టీవీ అప్పటికి హైదరాబాదు చుట్టుపక్కలకు మాత్రమే పరిమితం. తుఫాను వస్తున్నదని తీరంలోని మనిషికి చెప్పగలిగింది రేడియో ఒక్కటే. ఇక్కడ ఆ సంగతి ఎత్తడానికి కారణం ఉంది. తుఫాను హెచ్చరిక వస్తే ఏ కార్యక్రమాన్నైనా, అది ఎంతటి విద్వాంసుడి కచేరీ అయినా, మధ్యలో ఆపవలసిందే అన్న నియమాన్ని మా పై తరం వారు మాకు దివిసీమ పేరు చెప్పే నేర్పారు.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. దూరదర్శన్‌ను, ఆకాశవాణిని నడిపే సంస్థ ప్రసార భారతి. 1990లో చేసి 1997 సెప్టెంబర్ 15న అమలులోకి తెచ్చిన ప్రసార భారతి చట్టంలో పన్నెండవ సెక్షన్ ఈ సంస్థ ఏమేమి చేయాలో వరుసగా చెబుతుంది. విద్య, వ్యవసాయం, గ్రామీణాభివృద్ధి, పర్యావరణం, ఆరోగ్యం, విజ్ఞానశాస్త్రం, వివిధ ప్రాంతాల భాషలు, సంస్కృతులు, క్రీడలు, యువత, మహిళలు, శ్రామికులు, గిరిజనులు, పిల్లలు, అంధులు, వృద్ధులు, వికలాంగులు. ఎవరైనా ఓపికగా ఆ సెక్షన్‌ను ఒక పక్కన, ఒక రోజు ప్రసార పట్టికను మరొక పక్కన పెట్టుకుని చూస్తే, పట్టికలో 'ఇది ఎందుకు ఉందిరా' అనిపించే ప్రతి అరగంటకూ ఆ సెక్షన్‌లో ఒక మాట కనబడుతుంది. చూసేవారు తక్కువగా ఉన్నారని ఒక గిరిజన నృత్య కార్యక్రమాన్ని ఎత్తివేసే హక్కు కేంద్రానికి అంత తేలికగా ఉండదు. ఈ బాధ్యత మంచిదే అయినా, దీని చాటున బద్ధకం కూడా దాక్కుంటుందని ఒప్పుకోవాలి. కోటా కోసం కార్యక్రమం అన్న ధోరణితో తీసిన నీరసమైన చర్చలు నా చేతుల మీదుగా కూడా కొన్ని వెళ్లాయి.

ఇక పట్టిక. మా వాడుకలో దాని పేరు ఎఫ్‌పీసీ, అంటే ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్. ఏ వారం, ఏ రోజు, ఏ గంటకు ఏ జాతి కార్యక్రమం అన్నది అందులో ముందుగానే ఖాయమై ఉంటుంది. అందులో మొదట కదలని రాళ్లు పెడతారు. వార్తల సమయాలు కదలవు. ఢిల్లీ నుంచి వచ్చేదాన్ని యథాతథంగా ప్రసారం చేయవలసిన సమయాలు కదలవు. గణతంత్ర దినం, స్వాతంత్ర్య దినం, శ్రీరామనవమికి భద్రాచలంలో కల్యాణం, ఉగాది పంచాంగ శ్రవణం వంటివి ఆ ఏటికి ముందుగానే తెలిసినవే కాబట్టి వాటి చోటు వాటికి వదిలేస్తారు. ఈ రాళ్ల మధ్య మిగిలిన సందులే మా చేతిలో ఉండేవి. చూడటానికి ఇరవై నాలుగు గంటల చానలే కాని, మాది అని చెప్పుకుని ఆలోచించి నింపగలిగిన సమయం అందులో కొద్ది గంటలు మాత్రమే. పునఃప్రసారాలు ఎందుకన్ని ఉంటాయని అడిగేవారికి కూడా ఇందులోనే సమాధానం ఉంది. నిన్న రాత్రి వచ్చిన కార్యక్రమాన్ని ఈ రోజు మధ్యాహ్నం వేస్తే, రాత్రి డ్యూటీకి వెళ్లిన మనిషి చూస్తాడన్నది ఒక కారణం. కొత్తది తీయడానికి డబ్బు లేకపోవడం మరొక కారణం. రెండూ నిజమే.

ఉదయం సంగతి త్వరగా ముగిస్తాను. సంప్రదాయ సంగీతంతోనో, ప్రవచనంతోనో మొదలుపెట్టడం ఆకాశవాణి నుంచి వచ్చిన అలవాటు. ఆ వేళ టీవీని చూసేవారు తక్కువ, వినేవారు ఎక్కువ; వంటింట్లో పోపు వేస్తూ, పూజ గదిలో దీపం పెడుతూ వింటారు. అందుకని ఉదయపు కార్యక్రమాలలో బొమ్మ మీద కన్నా మాట మీద భారం వేయాలని మాకు చెప్పేవారు. మల్లాది చంద్రశేఖర శాస్త్రి గారి 'ధర్మసందేహాలు' అంతగా ఆదరణ పొందడానికి ఆయన పాండిత్యం ఎంత కారణమో, కళ్లు మూసుకుని విన్నా ఒక్క మాట జారిపోని ఆయన ఉచ్చారణ కూడా అంతే కారణమని నా అభిప్రాయం. పాఠాల విషయంలో 1984 ఆగస్టు 15న యూజీసీ వారి 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' మొదలైనప్పటి నుంచి కళాశాల విద్యార్థి కూడా లెక్కలోకి వచ్చాడు. నల్లబల్ల ముందు కదలకుండా నిలబడిన అధ్యాపకుణ్ణి చూసి నవ్వుకున్నవారు చాలామంది ఉన్నారు. కాని ట్యూషన్‌కు డబ్బు లేని పల్లెటూరి పిల్లవాడికి త్రికోణమితిని ఆ నల్లబల్లే చెప్పింది.

మధ్యాహ్నం గృహిణిది అని ఒకప్పటి లెక్క. భోజనాలు అయ్యాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు దొరికే రెండు గంటలు. 1990లలో 'ఋతురాగాలు' ధారావాహిక వచ్చే వేళకు ఎన్నో ఇళ్లలో పనులు ముగించుకుని కూర్చునేవారు. ఈ వేళను ఎంచుకోవడానికి ఎవరూ పెద్ద సర్వేలు చేయలేదు. కేంద్రంలో పనిచేసే ఆడవాళ్లు తమ ఇళ్లలో అమ్మలు, అత్తలు ఎప్పుడు నడుం వాలుస్తారో చెప్పేవారు, అదే మా సర్వే. హాస్యానికి మాత్రం సాయంత్రాలు, ఇంటిల్లిపాదీ చేరే వేళలు. ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారి 'ఆనందోబ్రహ్మ'ను ఒంటరిగా చూసినవారు తక్కువే అయి ఉంటారు. శుక్రవారం సాయంత్రం వచ్చే సినిమా పాటల 'చిత్రలహరి' గురించి వేరే చెప్పనక్కరలేదు. టీవీ ఉన్న ఇంటి అరుగు మీద ఆ పూట చెప్పుల వరుసను చూసి ఆ వీధిలో ఎంతమంది పిల్లలున్నారో లెక్కపెట్టవచ్చునని మా సీనియర్ ఒకరు అనేవారు.

సాయంత్రపు వ్యవసాయ కార్యక్రమం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పట్టణంలో పెరిగినవారు ఎక్కువగా తేలికగా తీసుకునేది దీన్నే. ఢిల్లీలో 'కృషి దర్శన్' 1967 జనవరి 26న మొదలైంది. 2015 మే 26న రైతుల కోసం ఒక చానలే వచ్చింది. ప్రాంతీయ కేంద్రంలో ఈ అరగంటకు పట్టే శ్రమ ఒక నాటకానికి పట్టే శ్రమకు తక్కువేమీ కాదు. ఇందులో అసలు చిక్కు సమయానిది. పైరు పొట్టదశలో ఉండగా చెప్పవలసిన మాట కంకి వేశాక చెబితే, ఆ అరగంట ప్రసారం వృథా. అందుచేత ఆ విభాగం వారికి క్యాలెండరు పైరే. ఖరీఫ్ నాట్లు పడగానే ఏ వారానికి ఏ తెగులు రావచ్చునో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారిని అడిగి, అంతకు పది రోజుల ముందే చిత్రీకరణ పెట్టుకునేవారు.

ఒకసారి అలాంటి చిత్రీకరణకు నేను కూడా వెళ్లాను. మోకాలిలోతు వరిలో ఒక శాస్త్రవేత్త, ఆయన పక్కన ఆ చేను రైతు. శాస్త్రవేత్త ఎంతో పద్ధతిగా, దుబ్బుకు పది, పదిహేను సుడిదోమలు కనిపిస్తే అప్పుడు మందు కొట్టాలని చెప్పారు. రైతు కెమెరా వైపు చూడకుండా, వంగి, ఒక దుబ్బును రెండు చేతులతో విడదీసి, మొదట్లో నీటికి జానెడు ఎత్తులో కదులుతున్న గోధుమరంగు పురుగులను చూపించి, "ఇవి లెక్కపెట్టేలోపు పక్క చేలోకి పోతాయి సార్, కొట్టేది ఆకు మీదా, ఇక్కడా?" అని అడిగాడు. అది స్క్రిప్టులో లేదు. కెమెరామన్ మాత్రం చటుక్కున ఆ చేతుల మీదికి దిగాడు. పైన ఆకులు తడిస్తే లాభం లేదని, మందు దుబ్బు మొదలుకు చేరాలని, అందుకే నాటేటప్పుడే ప్రతి రెండు మీటర్లకు ఇరవై సెంటీమీటర్ల కాలిబాట వదలమంటామని శాస్త్రవేత్త అప్పుడు వివరించారు. ఎడిటింగులో మిగిలిన ప్రసంగమంతా కత్తిరించి ఆ ముక్కను ఉంచాం. ఆ వారం వచ్చిన ఉత్తరాలలో కాలిబాటల గురించి అడిగినవారే ఎక్కువ.

మీ నాన్నగారికి ఆ కార్యక్రమం అయిన వెంటనే వార్తలు రావడం వింతగా తోచిందని రాశారు. అది కావాలని పెట్టినదే. రైతు కార్యక్రమానికి కూర్చున్న మనిషి లేవకుండానే వార్తలు వినాలి. వార్తల కోసం ముందుగా వచ్చి కూర్చున్న పట్టణపు మనిషి, ఇష్టం ఉన్నా లేకున్నా, పొలం సంగతి చివరి రెండు నిమిషాలైనా చూడాలి. తెలుగు వార్తలు 1983 నవంబర్ 14న శాంతి స్వరూప్ గారితో మొదలయ్యాయి. ఎదురుగా అక్షరాలు నడిపించే టెలిప్రాంప్టర్ అప్పట్లో లేదు. కాగితం వంక చూస్తూ చదివితే చూపరి ముఖంలోకి చూసినట్టు ఉండదని, ఆయన వార్తలను ముందే కంఠస్థం చేసి, తల ఎత్తి చెప్పేవారు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయినప్పుడు ఎందరో ఆయన కళ్లను గుర్తు చేసుకున్నారు. వారికి ఆయన కళ్లు గుర్తుండటానికి కారణం ఆయన ధారణశక్తి.

రాత్రి చాలాకాలం మాది కాదు. 1982లో జాతీయ కార్యక్రమం మొదలైనప్పటి నుంచి, రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో ప్రాంతీయ కేంద్రాలు తమ ప్రసారాన్ని ఆపి ఢిల్లీతో కలిసేవి. ఆదివారం ఉదయాలూ అంతే. 1987 జనవరి 25న రామాయణం, 1988 అక్టోబర్ 2న మహాభారతం మొదలయ్యాక ఆ వేళల్లో మా స్టూడియోలో కాలక్షేపానికి కూడా ఎవరూ ఉండేవారు కారు. అందరూ క్యాంటీన్‌లోని టీవీ ముందే. 1990లలో తెలుగుకు ప్రత్యేకంగా ఉపగ్రహ చానల్ వచ్చిన తరువాతనే, తరువాతి కాలంలో సప్తగిరి అని పేరు పెట్టుకున్న ఆ చానల్‌కు రాత్రి కూడా సొంతమైంది. వీణ కచేరీ రాత్రికి చేరింది అప్పుడే. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1995లో, ఈటీవీ, జెమినీ టీవీ వచ్చాయి. ఇంటిల్లిపాది కూర్చునే ఆ వేళను పోటీలో నిలబెట్టుకోలేక, మా వాళ్లు దాన్ని సంగీత రసికులకు, వృద్ధులకు వదిలేశారని అనేవారున్నారు. అందులో కొంత నిజం ఉంది. అయితే రాగం తానం పల్లవిని నడిమధ్య ప్రకటనలు లేకుండా పూర్తిగా వినగలిగే చోటు మరొకటి లేకుండా పోయినప్పుడు ఆ వదిలివేత ఎవరికి మేలు చేసిందో మీ నాన్నగారినే అడగండి. ఆ కచేరీలలో వాయించేవారిని కూడా ఎవరో ఒకరి సిఫారసు మీద పిలవరు. ఆకాశవాణి ఆడిషన్‌లో వచ్చిన గ్రేడును బట్టి పిలుపు, పారితోషికం. ఊరూపేరూ లేని విద్వాంసురాలు ఒక చిన్న పట్టణం నుంచి బస్సెక్కి వచ్చి రికార్డింగుకు కూర్చోగలగడం ఆ పద్ధతి వల్లనే సాధ్యమైంది.

ఎఫ్‌పీసీలో 'సాయంత్రం ఆరున్నర, లలిత సంగీతం' అని ఉంటే సరిపోదు. ప్రతి రోజుకూ ముందు రోజే ఒక క్యూషీట్ తయారవుతుంది. సమయం, కార్యక్రమం పేరు, టేపు నంబరు, నిడివి నిమిషాలు సెకన్లతో సహా, మొదటి మాట, చివరి మాట. చివరి మాట చాలా ముఖ్యం. మాస్టర్ కంట్రోల్ రూములో కూర్చున్న ఇంజనీరుకు ఆ కార్యక్రమం గురించి ఏమీ తెలియకపోవచ్చు, '...అని ఆశిస్తూ, నమస్కారం' అన్న మాట చెవిన పడగానే తరువాతి యంత్రాన్ని నడపాలని మాత్రమే అతనికి తెలుసు. టేపు యంత్రం తిరగడం మొదలుపెట్టిన వెంటనే బొమ్మ నిలకడగా రాదు, కొన్ని సెకన్లు పడుతుంది. కాబట్టి ఆ మాట రావడానికి కొన్ని సెకన్ల ముందే బటన్ నొక్కాలి. రోజును కూర్చేవారి నేర్పు కార్యక్రమాల ఎంపికలో కన్నా ఈ అతుకుల్లోనే ఎక్కువగా తెలుస్తుంది.

ఆ అతుకు తప్పితే ఏమవుతుందో నా పొరపాటుతోనే చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. వార్తలకు ముందు ఒక సంగీత రూపకం. దాని నిడివి 24 నిమిషాల 40 సెకన్లు. నేను క్యూషీట్‌లో 26-40 అని రాశాను. ఆరు గంటల ముప్పై మూడు నిమిషాలకు మొదలైన రూపకం, నా లెక్క ప్రకారం ఆరు యాభై తొమ్మిది నిమిషాల నలభై సెకన్లకు ముగిసి, అనౌన్సర్‌కు ఇరవై సెకన్లు మిగలాలి. అది రెండు నిమిషాలు ముందుగానే మంగళం పాడేసింది. వార్తలు సరిగ్గా ఏడుకు తప్ప మొదలు కావు. వార్తలు చదివే ఆయన అప్పటికి మేకప్ గదిలో ఉన్నారు. డ్యూటీ ఆఫీసర్ ఒక్క మాట అనకుండా సిద్ధంగా ఉన్న ఫిల్లర్, అంటే ఖాళీ నింపే చిన్న దృశ్యం, వేయించారు. కొల్లేరులో పక్షులు, వెనుక వేణువు, ఎనభై సెకన్లు. ఇంకా ఒక నిమిషం మిగిలింది. ఆ నిమిషాన్ని అనౌన్సర్ ఒంటి చేత్తో మోసింది. మరునాటి కార్యక్రమాలు ఒక్కొక్కటీ చదివింది. చదివాక ఎవరి కచేరీ ఉందో వారి ఊరు చెప్పింది, గురువు పేరు చెప్పింది. గడియారంలో ముల్లు చివరి పది సెకన్లలోకి వచ్చేసరికి, ఎక్కడా తొట్రుపాటు లేకుండా, "ఇప్పుడు వార్తలు" అంది. బయట చూసినవారికి అదొక పద్ధతైన ప్రకటన. లోపల నా చొక్కా తడిసిపోయింది. డ్యూటీ ఆఫీసర్ ఆ రాత్రి లాగ్ పుస్తకంలో నా పొరపాటును నా చేతే రాయించారు.

'అంతరాయానికి చింతిస్తున్నాం' అన్న అట్టను తలచుకుని నవ్వుకునేవారికి ఒక మాట. ఆ అట్ట వేయడం మాకు ఓటమి. అది పడకుండా ఉండేందుకే పూలు, జలపాతాలు, గోదావరిలో పడవలు, శిల్పాలు, ముప్పై సెకన్ల నుంచి ఐదు నిమిషాల దాకా రకరకాల కొలతల్లో ఫిల్లర్లు తీసి పెట్టుకునేవాళ్లం. చాలా మంచి కెమెరా పనితనం పేరు లేకుండా వాటిలోనే ఉండిపోయింది.

పట్టిక మొత్తం ఒక్క ఫోనుతో తుడిచిపెట్టుకుపోయే రోజులు కూడా ఉంటాయి. జాతీయ సంతాప దినాలు ప్రకటిస్తే వినోద కార్యక్రమాలన్నీ ఆగిపోతాయి. 1984 అక్టోబర్ 31న ఇందిరాగాంధీ హత్య జరిగిన తరువాతి రోజుల్లో వాద్య సంగీతం తప్ప మరొకటి వినబడలేదని మీ నాన్నగారికి గుర్తుండే ఉంటుంది. ఎన్నికల వేళ మరొక రకమైన కట్టుబాటు. 1998 నుంచి గుర్తింపు పొందిన పార్టీలకు ప్రజా ప్రసార సంస్థలో ఉచితంగా సమయం ఇస్తున్నారు; ఎవరు ఏ రోజు మాట్లాడాలన్నది చీటీలు తీసి నిర్ణయిస్తారు, ప్రసంగ పాఠాన్ని ముందుగా ఇవ్వాలి. ఆ పదిహేను నిమిషాలకు ముందు వెనుక ఏ కార్యక్రమం ఉంది అన్నది కూడా చూసుకునేవాళ్లం. ఒక నాయకుడి ప్రసంగం ముగియగానే హాస్యనాటిక మొదలైతే, అది ఉద్దేశపూర్వకం కాదని ఎవరికి నచ్చజెప్పగలం?

రాష్ట్ర విభజన తరువాత సప్తగిరి విజయవాడకు వెళ్లింది. హైదరాబాదు కేంద్రం నుంచి యాదగిరి నడుస్తున్నది. రెండింటి పట్టికలు ఇప్పుడు వేరు. ఒకదానిలో బతుకమ్మకు, బోనాలకు దొరికే చోటు, మరొకదానిలో సంక్రాంతి ప్రభలకు, కూచిపూడికి దొరికే చోటు సహజంగానే పెరిగాయి. టేపుల స్థానంలో కంప్యూటర్ సర్వర్ వచ్చింది కాబట్టి నా లాంటి పొరపాటును ఇప్పుడు యంత్రమే పట్టుకుంటుంది. ఎఫ్‌పీసీ మాత్రం పోలేదు, కదలని రాళ్లు పోలేదు.

ఇక హరికథ. ముందుగా చేదు సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో టేపు ఖరీదైనది, దిగుమతి చేసుకునేది. ప్రసారమైన కొన్నాళ్లకు చాలా టేపులను చెరిపి, వాటి మీదే కొత్తవి రికార్డు చేసేవారు. పెద్ద విద్వాంసులవి అని గుర్తు పెట్టిన కొన్ని మిగిలాయి, మిగిలినవాటిలో కొన్ని బూజు పట్టాయి. కాబట్టి ఆ హరికథ దొరుకుతుందని మాట ఇవ్వలేను. 1980ల నాటి తెలుగు కార్యక్రమాలు ప్రధానంగా హైదరాబాదు కేంద్రంలో తయారైనవి కాబట్టి, చానల్ ఇప్పుడు విజయవాడలో ఉన్నా, మీరు విచారించవలసింది మొదట రామంతాపూర్‌లోని హైదరాబాదు కేంద్రంలో. అంతకు ముందు యూట్యూబులో ప్రసార భారతి ఆర్కైవ్స్, యాదగిరి, సప్తగిరి చానళ్లను ఒకసారి వెతకండి. పాత రికార్డింగులను కొన్నిటిని అక్కడ పెడుతున్నారు.

ఉత్తరం రాసేటప్పుడు 'ఎప్పుడో చూసిన హరికథ' అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. భాగవతారు పేరు, కథ, సుమారు తేదీ ఉండాలి. తేదీ గుర్తు లేదని మీరు రాశారు. పరవాలేదు. ఆ సాయంత్రం హరికథకు ముందు ఏమి వచ్చింది, తరువాత ఏమి వచ్చింది, ఆ రోజు వార్తల్లో పెద్ద విషయం ఏమిటి, మధ్యలో కరెంటు పోయిందా, అది పండుగ రోజా అని నాన్నగారిని పక్కన కూర్చుని నెమ్మదిగా అడగండి. కార్యక్రమాల పేర్లు విడివిడిగా ఎవరికీ గుర్తుండవు కాని, వరుస గుర్తుంటుంది. ఆ వరుసలో మూడు పేర్లు సరిగ్గా పడితే, అది ఏ నెలదో, ఒక్కొక్కసారి ఏ రోజుదో, ఆ కాలంలో పనిచేసిన మనిషి చెప్పగలడు. అవి ఇక్కడ రాయండి, నేను కూడా చూస్తాను.